ఊ కొట్టేవాళ్లు, కొట్టనివాళ్లు

ఈ ఇంట్లో నాకు స్థిరమైన పేరంటూ లేదు. అమెరికా నుంచి ఫోన్ చేసే అబ్బాయి ‘హబ్’ అంటాడు. అమ్మగారికి నేను ‘టీవీ వెనకాల డబ్బా’ని. టెలిఫోన్స్ డిపార్టుమెంటులో పనిచేసి రిటైరైన పెద్దాయన మాత్రం ‘ఎక్స్ఛేంజి’ అంటారు. మూడింట్లో నాకు నచ్చింది అదే. నేను దీపం వెలిగించను, ఫ్యాను తిప్పను, నీళ్లు తోడను. ఎవరి మాటో విని ఇంకెవరికో అందిస్తాను. అంతవరకే నా పని.

కాగితాల మీద నా పేరు రాస్ప్‌బెర్రీ పై 4. పొడవు 85 మిల్లీమీటర్లు, వెడల్పు 56. చొక్కా జేబులో పడతాను. నా మోడలు 2019 జూన్‌లో బయటికొచ్చింది. నా జాతిలో చాలామందిలాగే నేనూ బ్రిటన్‌లో, వేల్స్‌లోని పెన్‌కోయెడ్ అనే ఊళ్లో, సోనీ ఫ్యాక్టరీలో పుట్టాను. అక్కడి నుంచి దిల్‌సుఖ్‌నగర్ వెనక కాలనీలో ఈ పాత ఇంటికి చేరాను. నా బుర్రలో నడిచేది హోమ్ అసిస్టెంట్ అనే ప్రోగ్రామ్. పౌలస్ షౌట్సెన్ అనే డచ్ యువకుడు 2013లో మొదలుపెట్టాడు. ఇప్పుడు దాన్ని ప్రపంచమంతా కలిసి రాస్తోంది. డబ్బు కట్టక్కర్లేదు, దాని రాత ఎవరైనా చదవచ్చు, దిద్దచ్చు. రోజూ కూర్చుని చదివేవాళ్లు ఈ ఇంట్లో ఒక్క పెద్దాయనే.

ఈ ఇంటికి వస్తువులేవీ పథకం ప్రకారం రాలేదు. ఆ మాటకొస్తే ఏ ఇంటికీ రావు. దసరా సేల్లో చవగ్గా దొరికాయని వైఫై ప్లగ్గులు, అబ్బాయి పంపిన జిగ్‌బీ సెన్సర్ల పెట్టె, కోఠి గుజరాతీ గల్లీలో పెద్దాయన బేరమాడి తెచ్చిన 433 మెగాహెర్ట్జ్ ముక్కలు, ఏసీతో పాటు వచ్చిన రిమోటు, ఎవరో పెళ్లిలో ఇచ్చిన రంగుల బల్బు, గోడకు అంటించిన బ్లూటూత్ థర్మామీటరు. ఒకరి భాష ఒకరికి తెలియదు. వీటన్నిటినీ కలిపి స్మార్ట్ హోమ్ అంటుంటే నాకే కాస్త సిగ్గేస్తుంది.

మీరు వీటిని కంపెనీని బట్టో, ఫ్రీక్వెన్సీని బట్టో వేరు చేస్తారు. నా లెక్క వేరు. చెప్పిన మాటకు ఊ కొట్టేవాళ్లు ఒక వర్గం, కొట్టనివాళ్లు ఇంకో వర్గం. భాషలు కలపడం పెద్ద కష్టం కాదు. ఒక్కో భాషకు ఒక్కో రేడియో తగిలిస్తే సరిపోతుంది. జవాబివ్వనివాడు పని చేశాడో లేదో తెలుసుకోవడమే అసలు కష్టం. నా బతుకంతా ఆ పనిలోనే గడుస్తోంది.

జిగ్‌బీ అనే రేడియో భాష మాట్లాడేవాళ్లు నా కొలువులో మర్యాదస్తులు. సెకనుకు 250 కిలోబిట్లకు మించి మాట్లాడరు. వైఫై పక్కన అది గుసగుస కిందే లెక్క. అయినా ఎదుటివాడు ఊ కొట్టకపోతే ఊరుకోరు, మళ్లీ చెబుతారు. వీధి తలుపుకున్న సెన్సరు రూపాయి బిళ్లంత సీఆర్2032 బ్యాటరీ మీద నెలల తరబడి బతుకుతుంది. రోజంతా నిద్రపోబట్టే అది సాధ్యం. తలుపు కదిలితే లేస్తుంది, ఒక ముక్క చెబుతుంది, మళ్లీ పడుకుంటుంది. ఇలాంటి నిద్రముఖాలకు ఒక పెద్దదిక్కు ఉండాలి. కరెంటు మీద నడిచే జిగ్‌బీ ప్లగ్గులు ఆ పని చేస్తాయి. వాళ్ల మాట మోసుకొచ్చి నాకు అందిస్తాయి, వాళ్లకు నేను చెప్పిన మాటను కాసేపు దాచి, లేచినప్పుడు చెవిన వేస్తాయి.

ఇక్కడే అబ్బాయికి తట్టని చిక్కొకటి వచ్చింది. అమెరికాలో గోడ సాకెట్టు పక్కన స్విచ్చి ఉండదు. మన ఇళ్లలో ప్రతి సాకెట్టుకూ ఉంటుంది. రాత్రి పడుకోబోయే ముందు ఇల్లంతా తిరిగి స్విచ్చులన్నీ ఆపుకుంటూ రావడం అమ్మగారి అలవాటు. మెట్ల దగ్గరున్న ప్లగ్గు రోజూ పదింటికి ఆరిపోయేది. దాన్ని నమ్ముకున్న సెన్సర్లు దిక్కు తోచక దారి వెతుక్కుంటూ బ్యాటరీలు తినేవి. స్విచ్చి మీద ప్లాస్టరు అంటించారు. అమ్మగారు ప్లాస్టరు పీకి మరీ ఆపారు. ‘ఖాళీగా వెలుగుతుంటే బిల్లు ఎవరు కడతారండీ?’ అని అడిగారు కూడా. ఇంట్లో ఎవరూ ఆపనిది ఫ్రిజ్ కదా అని ప్లగ్గును అక్కడికి మార్చారు. అయితే ఫ్రిజ్‌కు ఇన్వర్టరు లైను లేదు. కరెంటు పోగానే పెద్దదిక్కు మళ్లీ పోయేది. చివరికి పెద్దాయనకు దేవుడి గది గుర్తొచ్చింది. అక్కడి చిన్న ఎర్ర బల్బు రాత్రింబవళ్లు వెలుగుతుంది, ఇన్వర్టరు మీద ఉంటుంది, దాన్ని ఆపే సాహసం ఎవరూ చేయరు. ఇప్పుడు నా జిగ్‌బీ సంసారమంతా ఆ బల్బు కింది ప్లగ్గు మీదే నిలబడింది.

ఆ సంసారం కుదుటపడటానికి ముందు ఇంకో గొడవ జరిగింది. వైఫైకీ జిగ్‌బీకీ నడవడానికి ఉన్నది 2.4 గిగాహెర్ట్జ్ అనే ఒకే వీధి. వైఫై ఒకటో ఛానలు 2412 మెగాహెర్ట్జ్ చుట్టూ అటూ ఇటూ పదేసి మెగాహెర్ట్జ్ ఆక్రమిస్తుంది. నన్ను బిగించినప్పుడు జిగ్‌బీని 11వ ఛానల్లో వదిలేశారు. అది 2405. అంటే సరిగ్గా మా ఇంటి వైఫై కాళ్ల కింద! రెండింటి అంకెలూ వేరు కాబట్టి పేచీ ఉండదనుకున్నాడు అబ్బాయి. జిగ్‌బీ పదకొండుకూ వైఫై పదకొండుకూ పేరు తప్ప చుట్టరికం లేదు. సాయంత్రం మనవరాలు టీవీలో కార్టూన్లు పెట్టగానే తలుపు సెన్సరు మూగబోయేది. పెద్దాయన కాగితం మీద రెండు గీతలు గీసి లెక్క చూసి, జిగ్‌బీని 25వ ఛానలుకు, అంటే 2475కు మార్చారు. నా రేడియో డాంగిల్‌ను కూడా నా ఒంటి నుంచి ఒక మీటరు వైరుతో దూరంగా వేలాడదీశారు. యూఎస్‌బీ 3.0 పోర్టు తనంతట తాను 2.4 గిగాహెర్ట్జ్ దగ్గర రొద చేస్తుందని ఇంటెల్ 2012లోనే పత్రం రాసిపెట్టింది. నా పోర్టే నా చెవికి అడ్డు! ఛానలు మార్చాక నిద్రముఖాల్లో కొందరు రామన్నారు. పెద్దాయన గదిగదికీ వెళ్లి, కుర్చీ ఎక్కి, ఒక్కొక్కదాని బొడ్డు నొక్కి మళ్లీ నాకు పరిచయం చేశారు. కుర్చీ కాళ్లు పట్టుకున్నది అమ్మగారు. ఆవిడ ఆ పూట నన్ను ఏమన్నారో ఇక్కడ రాయను.

వైఫై వాళ్ల సంగతి వేరు. వీళ్లలో చాలామంది గుండెలో ఈఎస్‌పీ8266 అనే చిప్పు ఉంటుంది. షాంఘైకి చెందిన ఎస్‌ప్రెసిఫ్ కంపెనీది. 2014లో కారుచవకగా బజారుకొచ్చి ఇంటింటి ఎలక్ట్రానిక్సునూ తలకిందులు చేసింది. దానికి 5 గిగాహెర్ట్జ్ వినపడదు. రూటరు రెండు బ్యాండ్లకూ ఒకే పేరు పెట్టుకుని కూర్చుంటే, కొత్త ప్లగ్గును కలపడానికి ఒక పూట పడుతుంది. వీళ్లతో నేను మాట్లాడే పద్ధతి ఎంక్యూటీటీ. 1999లో ఐబీఎంకు చెందిన ఆండీ స్టాన్‌ఫర్డ్-క్లార్క్, ఆర్లెన్ నిప్పర్ అనే ఇంకో ఇంజనీరు కలిసి చమురు పైపులైన్ల మీద శాటిలైటు ద్వారా కన్నేసి ఉంచడానికి దీన్ని తయారుచేశారు. లింకు ఎప్పుడు తెగుతుందో తెలియని చోట పుట్టింది కాబట్టి అందులో ఒక ముందుచూపు ఉంది. ప్రతి పరికరమూ నాతో చేయి కలిపేటప్పుడే వీలునామా రాసిస్తుంది. ‘నేను చెప్పాపెట్టకుండా పోతే అందరికీ ఈ మాట చెప్పు’ అని. వరండా ప్లగ్గు చచ్చిపోయిందంటే ఆ సంగతి దాని వీలునామా చదివే నాకు తెలుస్తుంది. ఊ కొట్టడమే కాదు, ఊ కొట్టలేనని ముందే ఏర్పాటు చేసి పోయేవాళ్లను నేను ఇంకా ఎక్కువ గౌరవిస్తాను.

కరెంటు పోయి వచ్చినప్పుడు మాత్రం వీళ్ల మర్యాదంతా గాలికి పోతుంది. అందరూ ఒక్కసారే రూటరు మీద పడతారు. ఆ తోపులాటలో పెళ్లి కానుక బల్బు పూర్వాశ్రమం మరిచిపోయి, అర్ధరాత్రి రెండింటికి పూర్తి వెలుతురుతో వెలిగేది. ‘కరెంటు వచ్చాక ఆరిపోయి ఉండు’ అని ఒక సెట్టింగు మార్చితే సరిపోయింది. అది ఎక్కడుందో వెతకడానికే నాలుగు రాత్రులు పోయాయి.

ఇక ఊ కొట్టనివాళ్లు. మొదటిది కాలింగ్ బెల్లు. గేటుకున్న బటన్ 433.92 మెగాహెర్ట్జ్‌లో ఒకే అంకెను గబగబా పదిసార్లు అరిచి ఊరుకుంటుంది. ఎవరు విన్నారో దానికి అక్కర్లేదు. ఈ అలకు గోడలు పెద్ద అడ్డు కావు, అది మెచ్చుకోవలసిందే. పెద్దాయన మధ్యాహ్నం చెవి మిషను తీసి పడుకుంటారు. అందుకని బెల్లు అంకె వినగానే పడకగది దీపాన్ని మూడుసార్లు ఆర్పి వెలిగించే పని నాకు అప్పజెప్పారు. కొన్నాళ్లకు గేటు దగ్గర పురుగు కూడా లేకుండానే దీపం ఆరివెలగడం మొదలైంది. మూడిళ్ల అవతల ఎవరో అదే రకం బెల్లు కొన్నారు, అదే అంకెతో. అంకె మార్చే వీల్లేదు. అప్పుడు పెద్దాయన ఒక సాక్షిని తెచ్చారు. గేటు స్తంభానికి ఒక జిగ్‌బీ మోషన్ సెన్సరు. బెల్లు మోగి, దానికి అరనిమిషం లోపల సెన్సరు మనిషిని చూసి ఉంటేనే నేను నమ్ముతాను. గుడ్డిగా అరిచేవాడి మాటకు చూసినవాడి మాట తోడైతేనే చెల్లుబాటు. వంగి నొక్కి పరిగెత్తే కాలనీ పిల్లల్ని కూడా ఈ ఏర్పాటు వడగట్టేసిందని తర్వాత తేలింది. పెద్దాయన దాన్ని కూడా తన ఘనత కిందే వేసుకున్నారు.

రెండోది ఏసీ. దానితో మాట్లాడాలంటే కంటికి కనిపించని ఎర్రకాంతిని సెకనుకు 38 వేలసార్లు మినుకుమినుకుమనిపించాలి. నాకు ఆ పని చేసిపెట్టే చిన్న పెట్టె అల్మారా మీద కూర్చుని ఉంది. ఏసీ రిమోటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెంచమని చెప్పదు. నొక్కిన ప్రతిసారీ ‘ఆన్, కూల్, 26, ఫ్యాను మధ్యరకం’ అంటూ జాతకమంతా చదువుతుంది. అటువైపు నుంచి ‘కీ’ మని ఒక చప్పుడు వస్తుంది, అది మనుషులకే. నాకు వినపడదు. పైగా అమ్మగారు నన్ను పట్టించుకోకుండా అసలు రిమోటే వాడతారు. నేను ఏసీ నడుస్తోందని రాసుకుని కూర్చుంటాను, అది ఎప్పుడో ఆరిపోయి ఉంటుంది. ఇక్కడా సాక్షులే గతి. ఏసీ లైనులో వాట్లు కొలిచే మీటరు, గోడ మీద బ్లూటూత్ థర్మామీటరు. ఆ థర్మామీటరు ఎవరినీ ఉద్దేశించి మాట్లాడదు. వినేవాళ్లుంటే వింటారని తన అంకెలు గాల్లోకి వదులుతుంది. నా ఆజ్ఞ వెళ్లాక వాట్లు పెరిగి, పావుగంటలో గది చల్లబడితే ఏసీ విన్నట్టు. లేకపోతే ఇంకోసారి చెబుతాను. అప్పటికీ లేకపోతే పెద్దాయన ఫోనుకు కబురు.

ఇవన్నీ ఒక ఎత్తు, మోటారు ఒక ఎత్తు. నా ఉద్యోగానికి పరమార్థం ఏదని అడిగితే మోటారే అంటాను. మిగతావన్నీ సరదాలు. ఈ కాలనీకి కృష్ణా నీళ్లు రోజు విడిచి రోజు వస్తాయి. సంపులో పడ్డ నీళ్లను మిద్దెమీది ట్యాంకుకు ఎక్కించాలి. మరిచిపోతే ట్యాంకు పొర్లి పక్కింటి గోడ తడిసి మాటామాటా పెరుగుతుంది. సంపు ఎండినా ఆపకపోతే మోటారు కాలుతుంది. మోటారును నేరుగా నా రిలే మీద, అంటే నేను చెబితే కలిపే చిన్న స్విచ్చి మీద, పెట్టలేదు. స్టార్టయ్యే క్షణంలో అది లాగే కరెంటుకు అలాంటి చిన్న రిలేలు అంటుకుపోతాయి. రిలే కాంటాక్టరు అనే పెద్ద స్విచ్చిని లాగుతుంది, కాంటాక్టరు మోటారును నడుపుతుంది. ఆ మాట చెప్పింది వీధి చివర మోటారు వైండింగు షాపతను, అబ్బాయి చూసిన వీడియోలు కావు.

ట్యాంకు దగ్గర ఏ రేడియో పెట్టాలన్నది చిక్కుముడి అయింది. జిగ్‌బీ రెండు శ్లాబులు దాటి కిందికి రాలేకపోయింది. వైఫై వచ్చేది, పోయేది. పెద్దాయన తన పాత విద్య బయటికి తీశారు. మన దేశంలో 865 నుంచి 867 మెగాహెర్ట్జ్ దాకా చిన్నపాటి రేడియోలకు లైసెన్సు అక్కర్లేదని 2005లో ప్రభుత్వం ప్రకటించింది. 2021లో దాన్ని 868 దాకా పొడిగించింది. ఆ పట్టీలో లోరా అనే పద్ధతి నడుస్తుంది. ఫ్రాన్సులో పుట్టింది, నెమ్మదిగా మాట్లాడుతుంది, చాలా దూరం వినిపిస్తుంది. ట్యాంకు మూతకు నీటిమట్టం కొలిచే అల్ట్రాసోనిక్ సెన్సరు, పక్కన లోరా రేడియో, పైన అరచేయంత సోలార్ పలక. అయిదు నిమిషాలకొకసారి ఒక్క అంకె పంపుతుంది. అది కూడా ఊ కోసం ఆగదు.

ఇప్పుడు మోటారు వేసేటప్పుడు నా ముందు ముగ్గురు సాక్షులు. రిలే వైఫై మీద ‘వేశాను’ అంటుంది. అది తన మాట తాను చెప్పుకోవడమే. కాంటాక్టరు కదలకపోయినా అది అలాగే అంటుంది. మోటారు వైరుకు తగిలించిన మీటరు వాట్లు చెబుతుంది. సున్నా అయితే కాంటాక్టరు కదలనట్టో, ఫ్యూజు పోయినట్టో. తిరుగుతోంది గాని వాట్లు బాగా పడిపోయాయంటే సంపు ఎండినట్టో, పైపులో గాలి పట్టినట్టో. మిద్దె మీది లోరా సెన్సరు మట్టం చెబుతుంది. మోటారు తిరుగుతోంది, వాట్లు బాగానే ఉన్నాయి, పది నిమిషాలైనా మట్టం పెరగలేదంటే నీళ్లు ఇంకెక్కడికో పోతున్నట్టు. ఒకసారి అలాగే వరండా వెనక పైపు జాయింటు ఊడిన సంగతి తెలిసింది. ట్యాంకు సెన్సరు అసలు మాట్లాడకపోతే? మౌనం అర్ధాంగీకారం అంటారు మీరు. మోటారు విషయంలో నాకది కుదరదు. పావుగంట కబురు లేకపోతే ఆపేస్తాను. ముగ్గురిలో ఏ ఒక్కరి మాటా నాకు చాలదు, ముగ్గురూ వేరు వేరు రేడియోల మీద రావడమే నాకు బలం. వైఫై చచ్చిన రోజున అందరూ వైఫై వాళ్లే అయితే నేను గుడ్డివాణ్ని. రిలే సైతం నా మాట అందని పక్షంలో అరగంటకు తనంతట తాను ఆరిపోయేలా రాసి ఉంది. ఆ ఒక్క నియమాన్ని నా బుర్రలో కాకుండా దాని బుర్రలోనే పెట్టారు పెద్దాయన. నేను లేనప్పుడు కూడా ఇల్లు నడవాలని ఆయన పట్టుదల. గోడ స్విచ్చులన్నీ ఇప్పటికీ మామూలుగానే పనిచేస్తాయి. నాకు చిన్నతనమేమీ లేదు.

పెళ్లి కానుక బల్బు కథ పొట్టిది. అది నాతో మాట్లాడేది కాదు. ఎక్కడో పరదేశంలో ఉన్న కంపెనీ సర్వరుతో మాట్లాడేది. ఈ గదిలో మంచం మీంచి ఆర్పమంటే, ఆ మాట దేశం దాటి వెళ్లి తిరిగొచ్చి మంచం పక్కన దీపం ఆర్పేది. వీధిలో డ్రైనేజీ కోసం తవ్వి ఫైబరు కేబులు తెంపిన రోజున ఆ ప్రయాణం ఆగిపోయింది. దాని యజమాని ఇంట్లో లేడని తెలిసి పెద్దాయనకు ఒళ్లు మండింది. ఇప్పుడది ఆయన చెల్లెలుగారింట్లో ఉంది.

కొంతకాలంగా అబ్బాయి ‘మ్యాటర్’ అని జపిస్తున్నాడు. ఆపిల్, గూగుల్, అమెజాన్ లాంటివన్నీ చేరి 2022లో తెచ్చిన ఒడంబడిక. ఇకపై అందరూ ఒకే భాష మాట్లాడతారట, ఇంట్లోనే మాట్లాడుకుంటారట. మంచిదే. ఆ భాషను మోసే థ్రెడ్ అనే పద్ధతి కూడా జిగ్‌బీ రేడియో రకం మీదే, 802.15.4 అనే ప్రమాణం మీదే నడుస్తుంది కాబట్టి నాకు కొత్త చుట్టమేమీ కాదు. కాని మా ఏసీ ఇంకో పదేళ్లు నడుస్తుంది. గేటు బటన్‌కు ఏమీ కాలేదు. పనిచేసేదాన్ని పారేసే ఇల్లు కాదిది. కొత్త భాష వస్తే నా దగ్గర ఇంకో రేడియో చేరుతుంది, పాతవి ఎక్కడికీ పోవు.

షోకేసులో ఒక స్విచ్చి ఉంది. అబ్బాయి మొదటిసారి ప్రేమగా తెచ్చింది, జడ్-వేవ్ రకం. 1999 ప్రాంతంలో కోపెన్‌హాగెన్‌లో పుట్టిన పద్ధతి అది. బుద్ధిగా ఊ కొట్టే జాతి, 2.4 రద్దీకి దూరంగా ఉంటుంది. నా కొలువుకు రత్నం లాంటిదే. కాని దానికి దేశాన్ని బట్టి ఫ్రీక్వెన్సీ మారుతుంది. అమెరికాలో 908.42 మెగాహెర్ట్జ్, మన దేశంలో 865.2. అమెరికా స్విచ్చి ఇక్కడ నోరు తెరిస్తే ఆ మాట సెల్‌ఫోన్లు టవర్లతో మాట్లాడే 890-915 పట్టీలోకి పోయి పడుతుంది. పెట్టె తెరిచిన రోజునే పెద్దాయన దాన్ని షోకేసులో పెట్టేశారు. డిపార్టుమెంటు మనిషి మరి.

మొన్న ఫోన్లో వాళ్ల మాటలు ఇవి. ఎలా విన్నావని అడక్కండి, ఆత్మకథ రాసేవాడికి ఆ మాత్రం చనువు ఉంటుంది.

‘సంక్రాంతికి వస్తున్నాం నాన్నా, ఏమైనా తేవాలా?’

‘ఏమీ వద్దురా. బ్యాటరీలు అయిపోయాయి గాని అవి కోఠిలో దొరుకుతాయి.’

‘మరి ఆ స్విచ్చి అలాగే ఉందా?’

‘ఉంది. తిరిగి వెళ్లేటప్పుడు తీసుకుపో, నీ ఇంట్లో పెట్టుకో. ఫ్రీక్వెన్సీ సంగతి అటుంచు, 120 వోల్టులని దాని వీపు మీదే రాసుంది. చూసుకోలేదా?’